‘ఎస్’ యాడ పెట్టాలబ్బా?

నా మొదటి ఇంటర్వ్యూ బెంగళూరులో. కంపెనీ పేరెందుకులెండి. హిందూపురంలో పొద్దున్నే రైలెక్కి, రెండు బ్యాగులు మోసుకుని, చెమటలు కక్కుకుంటూ పోయేసరికి పావుగంట లేటు. లోపలికి పోతూనే ‘సారీ సార్, టూ మచ్ లగేజెస్’ అన్నా. కుర్చీలో కూర్చున్నాయన పక్కనున్నావిడ వైపు చూసి నవ్వాడు. ‘లగేజ్. నో ఎస్’ అన్నాడు.

అంతే. ఆ తర్వాత అరగంట నా నోట్లోంచి ‘ఎస్’ అనే అక్షరం బయటకు రాలేదు. టూ బ్రదర్. ఫోర్ సబ్జెక్ట్. సెవెంటీ టూ మార్క్. మై ఫాదర్ ఫ్రెండ్ షాప్. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదుగా! ఆరోజు భయంతో ‘త్రీ ఇయర్ డిప్లొమా’ అని కూడా అన్నాను. ఎస్ మింగేశానే అని తిరుగు రైల్లో హిందూపురం చేరేలోపే ఓ వంద సార్లు తిట్టుకున్నా. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ అరగంటలో నేను ఒప్పుగా మాట్లాడిన ముక్క అదొక్కటేనని.

ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు పెనుకొండ దగ్గర కారు విడిభాగాల యూనిట్‌లో పని చేస్తున్నాడు. ఐటీఐ చదివాడు. మెషీన్ ముందు వాడికి తిరుగులేదు. షిఫ్ట్ అయిపోయాక రిపోర్టు ఇంగ్లీషులో రాయాల్సొస్తే మాత్రం చేతులు వణుకుతాయి. వారానికి రెండుసార్లైనా వాట్సాప్‌లో ఒకే ప్రశ్న: ‘అన్నా, ఎస్ యాడ పెట్టాలబ్బా?’

వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఒకచోట పెడితే ఇదీ కథ.

పట్టుకు ఎస్ లేదు, చీరకు ఉంది

ముందు ఆ లగేజీ సంగతి తేల్చుకుందాం. తెలుగులో మనం ‘సామాన్లు’ అంటాం. బహువచనం. అందుకే ఇంగ్లీషులోకి పోగానే నోరు దానంతటదే ‘లగేజెస్’ అంటుంది. తప్పు మన తెలివిది కాదు, మన ‘లు’ది. నీళ్లు, పాలు, వెంట్రుకలు, వార్తలు... ఇవన్నీ తెలుగులో బహువచనాలే. ‘కొళాయిలో నీళ్లు రాలేదు’ అంటాం గానీ ‘నీరు రాలేదు’ అని మన సీమలో ఎవరంటారు? వాటిని అట్లే ఇంగ్లీషులోకి మోసుకుపోతే ‘మై హెయిర్స్ ఆర్ ఫాలింగ్’, ‘న్యూస్ ఆర్ కమింగ్’ అవుతాయి. ఇంగ్లీషువాళ్లకు తలమీద జుట్టంతా కలిపి ఒక్కటే: హెయిర్. న్యూస్ చివర ఎస్ కనిపిస్తున్నా అది ఏకవచనమే. మ్యాథ్స్ కూడా అంతే, మన లెక్కలు మాత్రం ఎన్నో!

ధర్మవరంలో పుట్టినవాళ్లకు దీన్ని వివరించడం చాలా సులువు. పట్టును ఎవరైనా లెక్కపెడతారా? ‘నాలుగు పట్టులు’ అని ఎవరూ అనరు. పట్టును కిలోల్లో తూస్తారు. అదే మగ్గం మీద చీరగా మారిందనుకోండి, అప్పుడు ఒకటి, రెండు, పది. లెక్క మొదలవుతుంది. ఇంగ్లీషులో ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, సీనరీ... ఇవన్నీ పట్టు లాంటివి. చెయిర్, బ్యాగ్, మెషీన్ చీరల లాంటివి. పట్టుకు ఎస్ ఉండదు. చీరకు ఉంటుంది. పట్టును లెక్కపెట్టక తప్పకపోతే ఏం చేస్తాం? ‘ఇన్ని కిలోల పట్టు’ అంటాం. వాళ్లూ అంతే: ‘టూ పీసెస్ ఆఫ్ ఇన్ఫర్మేషన్’. ‘పీసు’ అనే మాట చీరల వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్తగా నేర్పాలా?

బ్యాంకు పరీక్షల్లో, డీఎస్సీల్లో ‘తప్పు ఎక్కడుందో పట్టుకోండి’ అనే ప్రశ్నల్లో ఈ పట్టు జాతి పదాలు తరచూ ఎదురవుతాయి. వాటి తర్వాత నా లెక్కలో ‘వన్ ఆఫ్’దే స్థానం. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అని రాసేస్తుంటాం. ఇక్కడ మాత్రం తెలుగును నమ్ముకోవచ్చు. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అంటామే గానీ ‘స్నేహితుడిలో ఒకడు’ అనం కదా. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్. క్రియ మాత్రం ఆ ఒక్కడితోనే పోతుంది, కాబట్టి ‘ఈజ్’.

తమాషా ఏంటంటే, మనకు ఒకటైనవి వాళ్లకు రెండు. కత్తెర మనకు ఒకటే. వాళ్లకు సిజర్స్, దానికి రెండు అలుగులుంటాయి కాబట్టి. ప్యాంటు మనకు ఒకటే. వాళ్లకు రెండు కాళ్లూ లెక్కే, ట్రౌజర్స్. కళ్లద్దాల దగ్గర మాత్రం రెండు భాషలూ రాజీపడ్డాయి.

ఒక లేడీసు, రెండు సాక్సులు

హిందూపురం బస్టాండులో నిలబడితే ఒకే ఇంగ్లీషు మాటకు మూడు రకాల తోకలు వినిపిస్తాయి. మనం బస్సులు అంటాం. మడకశిర వైపు నుంచి, గౌరిబిదనూరు నుంచి వచ్చినవాళ్లు కన్నడంలో బస్సుగళు అంటారు. దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు చివర ముక్కుతో ‘ఆఁ’ తగిలించి బసాఁ అంటారు. లోగ్ అనేది లోగాఁ అయినట్టే. డీజిల్ పోసుకుని తిరిగే ఆ బండికి ‘బసెస్’ అనే అసలు బహువచనం ఒకటుందని అక్కడ ఎవరికీ పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. మాట మన ఇంటికొచ్చాక మన గిన్నెలోనే తినాలి. కారు కార్లయింది, హోటల్ హోటళ్లయింది, సార్ సార్లయ్యాడు.

కానీ కొన్ని మాటలు మన ఇంటికి రావడమే బహువచనంలో వచ్చాయి. సాక్స్, చిప్స్, లేడీస్. మనం వాటిని ఏకవచనాలనుకున్నాం. అందుకే ‘ఒక సాక్సు పోయింది’, ‘రెండు ప్యాకెట్ల చిప్సులు’, ‘ఎవరో ఒక లేడీసు నిలబడుంది, సీటివ్వప్పా’. ఎస్ మీద మళ్లీ లు. దీన్ని చూసి నవ్వేవాళ్లకు ఓ రెండు విషయాలు చెప్పాలనుంది.

ఒకటి, చిల్డ్రన్. పాత ఇంగ్లీషులో చైల్డ్‌కు బహువచనం ‘రు’ చివర వచ్చేది. అది కాలక్రమంలో ‘చిల్డర్’ అయింది. అది బహువచనమన్న సంగతి జనం మనసులో పలచబడి, ఆక్సెన్‌లో ఉండే ‘ఎన్’ను తెచ్చి మళ్లీ అతికించారు. అంటే చిల్డ్రన్ రెండు బహువచనాల మాట. మన చిప్సులు లాంటిదే. రెండోది, పీ అంటే బఠానీ. మొదట్లో ‘పీజ్’ అనేదే ఏకవచనం. చివర ఎస్ లాంటి శబ్దం వినబడేసరికి అది బహువచనమనుకుని, తోక తెంపి ‘పీ’ అనే కొత్త ఏకవచనం పుట్టించారు. చెర్రీ కూడా అట్లా పుట్టిన మాటే. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. మనం లేడీసును ఏకవచనం చేస్తే తప్పూ, వాళ్లు బఠానీని చేస్తే డిక్షనరీయా?

మన మాటలూ అటు పోయి ఎస్ తగిలించుకున్నాయి. మన పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది. అవి రెండుంటే బ్యాండికూట్స్. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు రిజిస్టరులో ఎక్కిన పేరు ‘ధర్మవరం హ్యాండ్‌లూమ్ పట్టు శారీస్ అండ్ పావడాస్’. పావడాలు కాదు, పావడాస్! కేంద్ర ప్రభుత్వ కాగితం మీదే మన పావడాకు ఇంగ్లీషు తోక ఉంది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. రాతలో ఎస్ ఒకటే గానీ నోట్లో మూడు. క్యాట్స్, బుక్స్‌లో ‘స్’. డాగ్, కార్ లాంటి వాటి వెనక ‘జ్’కు దగ్గరగా. బస్, బాక్స్ లాంటి వాటి వెనక ‘ఇజ్’. మనం అన్నిటినీ ‘స్’ అనేస్తాం. ఎవరికీ అర్థం కాకుండా పోదు, దిగులు పడకండి.

‘యొక్క’ను ఎవరు మాట్లాడతారు?

ఇక రెండో ఎస్. నెత్తిన చిన్న చుక్కలాంటి కొక్కెం వేలాడదీసుకుని వచ్చేది.

బడిలో దీనికి ‘యొక్క’ అని అర్థం రాయించేవాళ్లు. రాముని యొక్క పుస్తకము, ఆవు యొక్క తోక. మీ జీవితంలో ఎప్పుడైనా ఇంట్లో ‘అమ్మ యొక్క ఫోన్ యాడుంది?’ అని అడిగారా? తెలుగుకు యొక్కతో పనిలేదు. పక్కపక్కన పెడితే చాలు, ‘అమ్మ ఫోను’. కొన్ని మాటలు మాత్రం రూపం మార్చుకుంటాయి. ఊరు ఊరి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది. ‘అం’ చివరున్నవి కొన్ని ‘పు’ తీసుకుంటాయి, గుర్రపు బండి లాగా. హాస్యనటుడు ధర్మవరపు సుబ్రహ్మణ్యం పేరు విన్నారుగా! ఆ ఇంటిపేరు ధర్మవరం అనే మాటకు షష్ఠి. అదే ఆంధ్ర నాటక పితామహుడిగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారికి ‘పు’ లేదు. రెండూ మనకు ఒప్పే. హిందూపురం పేరు కూడా మురారిరావు తండ్రి హిందూరావు మీద వచ్చిందని చెబుతారు. అంటే హిందూరావు గారి ఊరు. మధ్యలో ఎక్కడా కొక్కెం కనబడదు.

అలవాటు ఇదైనప్పుడు ‘మై ఫాదర్ ఫ్రెండ్ షాప్’ అని నా నోరు పలకడంలో వింతేముంది? మా నాయన ఫ్రెండు అంగడి. తెలుగులో అది నిక్షేపం. ఇంగ్లీషులో ఇద్దరికీ కొక్కెం కావాలి: ఫాదర్’స్ ఫ్రెండ్’స్ షాప్.

మా తమ్ముడు తడబడేది అంతకంటే ముందుకెళ్లాక. కొక్కెం ఎస్‌కు ముందా, వెనకా? దీనికి నేను వాడికి చెప్పిన చిట్కా తెలుగులోంచే తీశాను. ‘మా అన్న అంగడి’ అన్నామంటే అన్న ఒకడు. ‘మా అన్నల అంగడి’ అన్నామంటే ఇద్దరో ముగ్గురో. ఆ ‘ల’ వినబడిందా, ముందు ఎస్ రాసి ఆ తర్వాత కొక్కెం వెయ్యాలి: బ్రదర్స్’ షాప్. ‘ల’ లేదా, కొక్కెం ముందు, ఎస్ తర్వాత: బ్రదర్’స్ షాప్. చిల్డ్రన్, మెన్, విమెన్ లాంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి వాటికి కొక్కెం ముందే వస్తుంది. నవంబరు 14 చిల్డ్రన్’స్ డే. సెప్టెంబరు 5 టీచర్స్’ డే, అందరు టీచర్లదీ గనక. మదర్స్ డే మాత్రం మదర్’స్ డే. అమెరికాలో ఆ రోజును మొదలుపెట్టిన అన్నా జార్విస్ అది ఏకవచనంగానే ఉండాలని పట్టుబట్టింది. లోకంలోని అమ్మలందరికీ కాదు, ఎవరి అమ్మకు వాళ్లు చేసుకునే పండగని ఆమె లెక్క.

ఇదేదో పరీక్షల వరకే అనుకోకండి. ఆస్తి కాగితం ఇంగ్లీషులో రాయించుకుంటే ‘సన్’స్ షేర్’ అంటే ఒక కొడుకు వాటా, ‘సన్స్’ షేర్’ అంటే కొడుకులందరి వాటా. చెవికి రెండూ ఒకటే. కాగితం మీద తేడా ఒక గీత జరగడమే. అన్నదమ్ముల మధ్య గొడవకు అది చాలదా?

అయితే ఆ ‘ల’ను గుడ్డిగా నమ్మితే ఇంకో గుంతలో పడతాం. చీరల అంగడి, పది రూపాయల నోటు, మూడేళ్ల డిప్లొమా. అన్నిట్లోనూ ‘ల’ ఉంది. ఇంగ్లీషులో వీటికి కొక్కెం కాదు కదా, మామూలు ఎస్ కూడా లేదు. శారీ షాప్. టెన్ రుపీ నోట్. త్రీ ఇయర్ డిప్లొమా. ఎందుకంటే అంగడి చీరలది కాదు, చీరలు అంగడిని కొనుక్కోలేదు. అవి ఆ అంగడి ఏ రకమో చెబుతున్నాయంతే. రకం చెప్పే మాట ఇంగ్లీషులో సాధారణంగా ఒంటరిగానే నిలబడుతుంది. స్పోర్ట్స్ షాప్, సేల్స్ మేనేజర్ లాంటి మొండిఘటాలు ఉన్నాయిలెండి, వాటిని బట్టీ పట్టడమే. మనుషులదో, మనుషుల కోసమో అయితే కొక్కెం వెతకండి. వస్తువుల రకమైతే ఎస్‌నే వదిలేయండి. బెంగళూరులో నన్ను కాపాడిన ‘త్రీ ఇయర్’ వెనకున్న రహస్యం ఇదే. కాపాడలేదనుకోండి, ఉద్యోగం రాలేదుగా.

రాయలు ఒకరా, పదిమందా?

ఈ చిట్కాకు మన సీమ పేరే పెద్ద పరీక్ష పెడుతుంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీవాళ్లకు ఇచ్చేశాక ఇంగ్లీషులో ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అన్నారు. తెలుగులో దత్తమండలాలు. అంటే ఇచ్చేసిన జిల్లాలు. ఎవరికో రాసిచ్చేసిన సరుకు లాగా ఆ పేరేంటని మనవాళ్లకు మండింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అన్నారు. ఆయన అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన భాషా పండితుడు. ఇచ్చేసిన జిల్లాలు పోయి, రాయల సీమ వచ్చింది. ఎవరిదో చెప్పే షష్ఠి ఒక్కటి మన గౌరవాన్ని తిరిగి తెచ్చిపెట్టింది.

ఇప్పుడు చెప్పండి, ‘రాయల’లో రాయలు ఎంతమంది? కృష్ణదేవరాయలు ఒక్కరే అనుకోవచ్చు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం వదిలి పెనుకొండను రాజధాని చేసుకున్నవాళ్లతో సహా రాయలందరూ అనుకోవచ్చు. తెలుగులో ‘లు’ లెక్క మాత్రమే కాదు, మర్యాద కూడా. ఆచార్యులు ఒకరే, రాయలు ఒకరే. ఇంగ్లీషులో రాయాలంటే మాత్రం కొక్కెం ముందో వెనకో తేల్చుకోక తప్పదు. రాయా’స్ ల్యాండా, రాయాస్’ ల్యాండా? తెలుగు ఆ తలనొప్పి పెట్టుకోలేదు. నాకైతే ఆ తేల్చకపోవడమే బాగుంది.

పెనుకొండకు ఇప్పుడు ఇంకో భాష కూడా వచ్చింది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 ఆగస్టులో సెల్టోస్ కార్లు రావడం మొదలైంది. వాళ్లతో పాటు కొరియన్లూ, కొరియన్ బోర్డులూ వచ్చాయి. కొరియన్‌లో బహువచన ప్రత్యయం ఉంది గానీ ప్రతిచోటా పెట్టి తీరాలన్న రూలు లేదు. సందర్భాన్ని బట్టి అర్థమైపోతే వదిలేస్తారు. ‘అంటే మా కొరియన్ సార్‌కు కూడా ఎస్ కష్టమేనా?’ అని మా తమ్ముడు అడిగాడు. కష్టమే అయ్యుండొచ్చన్నా. వాడి ముఖంలో ఆ సంతోషం చూడాలి!

అసలు చిక్కు ఆ కార్ల పేర్లలోనే ఉంది. సెల్టోస్, కారెన్స్. చివర ఎస్ ఉన్నా అవి ఏకవచనాలే. రెండు సెల్టోస్ కార్లను ఇంగ్లీషు పద్ధతిలో బహువచనం చేస్తే సెల్టోసెస్ అవ్వాలి. పలికితే నాలుక మడతబడుతుంది. సెల్టోస్ ధర అనడానికి కొక్కెం ఒక్కటే పెట్టి వదిలేసేవాళ్లూ ఉన్నారు, కొక్కెం తర్వాత ఇంకో ఎస్ రాసేవాళ్లూ ఉన్నారు. రెండూ చెల్లుతాయి. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయాలంతే. నన్నడిగితే ‘టూ సెల్టోస్ కార్స్’ అని తప్పించుకోవడం ఉత్తమం.

ఇంగ్లండులోనూ ఇదే గోల

మన ఊళ్ల బోర్డులు చూసి నవ్వుకోవడం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక కాలక్షేపమైపోయింది. మామూలు బహువచనానికి కూడా కొక్కెం పెట్టి ఇడ్లీ’స్, దోశ’స్ అని రాస్తారు కదా, ఆ తప్పుకు ఇంగ్లీషులోనే ఒక పేరుంది. గ్రీన్‌గ్రోసర్’స్ అపోస్ట్రఫీ. అంటే కూరగాయల అంగడివాడి కొక్కెం. అక్కడి కూరగాయల అంగళ్లలో ఆపిల్’స్ అని రాసీ రాసీ ఆ పేరు స్థిరపడిపోయింది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల అంగళ్లు అవి!

ఆ కొక్కెం పుట్టుకతో ఇంగ్లీషుది కాదు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి అరువొచ్చింది. మొదట్లో అక్షరం మింగేసినచోట గుర్తుగా పెట్టేవాళ్లు. పాత ఇంగ్లీషులో ‘ఎవరిది’ అని చెప్పడానికి చాలా మాటల చివర ‘ఎస్’ అనే అక్షరానికి ముందు ‘ఈ’ ఉండేది. ఆ ‘ఈ’ పోయినచోట ఇది కూర్చుంది. దాన్ని కాపాడాలని బ్రిటన్‌లో జాన్ రిచర్డ్స్ అనే రిటైర్డ్ జర్నలిస్టు 2001లో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. 2019లో, 96 ఏళ్ల వయసులో, బద్ధకానిదే గెలుపని ఒప్పుకుని దాన్ని మూసేశాడు. వాటర్‌స్టోన్స్ అనే పెద్ద పుస్తకాల దుకాణం 2012లో తన బోర్డు మీది కొక్కెం తీసేసింది. వెబ్ అడ్రసులో అది పట్టదు మరి. మీ ఇన్‌స్టా పేరులోనూ పట్టదు, ప్రయత్నించి చూడండి.

ఫోన్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. ‘ఇట్స్’ అని కొడితే మీ కీబోర్డు మీకు చెప్పకుండానే కొక్కెం పెట్టేస్తుంటుంది. కొక్కెం ఉంటే ‘ఇట్ ఈజ్’ అని అర్థం. లేకపోతే ‘దాని’ అని. హిజ్, హర్ అని రాసేటప్పుడు కొక్కెం పెడతామా? పెట్టం. ‘దాని’ కూడా వాటి అక్కచెల్లెలే. బయోడేటాను ఫోన్లో తయారుచేసి అట్లే పంపేవాళ్లు పంపే ముందు ఈ ఒక్క మాటనైనా వెతికి చూసుకోండి. ఆ నవ్వినాయన లాంటివాళ్లు ఇంకా కుర్చీల్లోనే ఉన్నారు.

పోయిన వారం మా తమ్ముడి షిఫ్ట్ రిపోర్టు ఫొటో వచ్చింది. ‘ఆల్ పార్ట్స్ చెక్డ్. టూ పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్ అండర్ రిపేర్. ఆపరేటర్స్’ షూస్ నాట్ రిసీవ్డ్.’ కొక్కెం సరిగ్గా ఎస్ తర్వాత, గుండు సూది గుచ్చినట్టు. బూట్లు అందరికీ రాలేదని దానర్థం. షూస్ వచ్చాయా అని అడిగితే, ఎక్విప్‌మెంట్ పక్కన ఎస్ లేదు చూసినావా అంటాడు.

రాత్రి పదిన్నరకు మళ్లీ మెసేజ్.

‘అన్నా, గొర్రెలకు ఎస్ ఉండదంట కదా, నిజమేనా?’

నిజమే, మీ అమ్మ దగ్గర ముప్పై ఉన్నా షీపే అన్నాను.

‘మరి మేకలకు?’

మేకలకు ఉందన్నాను.

‘అదేం న్యాయం?’ అన్నాడు. టైపింగ్ అని ఇంకా కనబడుతూనే ఉంది, నేను ఫోన్ పక్కన పెట్టి పడుకున్నా.